చిన్న సినిమాలో అక్క

పోయిన నెలలో మా బిడ్డ పనిచేసే కాలేజీలో ఒక సినిమా వేశారు. థియేటర్లకు వచ్చే సినిమా కాదు. నిర్మల్ దిక్కు యువకుడొకడు నలుగురు స్నేహితులను కూడగట్టుకుని, పెద్ద హీరోలూ పాటలూ లేకుండా తీసి, ఊరూరా కాలేజీ హాళ్ళలోనూ గ్రంథాలయాల్లోనూ తానే చూపిస్తూ తిరుగుతున్న సినిమా. మన గోదావరి ఒడ్డున తీశారనీ, మన మాటలే వినిపిస్తాయనీ మా బిడ్డ రమ్మని ఒకటే పోరు పెట్టింది. ఆ వారం ఖానాపూర్ నుంచి మా తమ్ముడు దవడపన్ను పీకించుకోవడానికి కరీంనగర్ వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. వాచిన చెంపతో ఒక్కడే గోడలు చూస్తూ కూర్చోవడం ఎందుకని వాడినీ వెంటబెట్టుకుని ఆటోలో పోయాను. సినిమా దేని గురించో ముందే తెలిసి ఉంటే వాడిని తీసుకుపోయేదాన్ని కాదు. నేనూ ఏదో వంక చెప్పి తప్పించుకునేదాన్ని.

ఇద్దరు యువకుల కథ అది. డిగ్రీ చదివే వయసు. ఒకరంటే ఒకరికి ప్రేమ; దోస్తుల మధ్య ఉండేది కాదు, మన సినిమాల్లో హీరోకూ హీరోయిన్‌కూ ఉండేలాంటిది. అది ప్రేమ అని వాళ్ళకు తెలియడానికే సగం సినిమా పట్టింది. ఒకడు సైకిలు తొక్కుతుంటే ఇంకొకడు వెనక కూర్చుని వాడి అంగీ కొస పట్టుకుంటాడు, వాన పడుతుంది, ఏట్లో నీళ్ళు మెరుస్తాయి. మొదట్లో హాల్లో పిల్లలు కిసుక్కున నవ్వారు, వెనకనుంచి ఎవరో ఈల వేశారు. పోను పోను ఆ నవ్వులు ఆగిపోయాయి. చివరికి సంగతి ఇంట్లో తెలుస్తుంది. మీసాల తండ్రి కట్టె పట్టుకుని కొడుకును వెతుకుతుంటాడు. అప్పుడు ఆ పిల్లవాడి అక్క గడపలో అడ్డంగా నిలబడి, తమ్ముడు పొద్దటి నుంచి తనతోనే ఉన్నాడని తండ్రికి అబద్ధం చెప్పి, వెనక తలుపు తీసి వాడిని సాగనంపుతుంది. ఆమె తమ్ముడి తల నిమురుతున్నప్పుడు హాలంతా నిశ్శబ్దం. మా బిడ్డ చున్నీతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆ నిశ్శబ్దంలో మా తమ్ముడు నవ్వాడు.

చిన్న నవ్వు కాదు. వాచిన చెంప నొప్పి పుట్టేంత బిగ్గరగా ఒక్కసారి నవ్వి, ఆగిపోయాడు. ముందు వరసల పిల్లలు కోపంగా వెనక్కి తిరిగి చూశారు. ఈ ముసలాయనకు ఇట్లాంటివి ఏం తెలుస్తాయని అనుకుని ఉంటారు. అది సినిమా మీద నవ్వు కాదని, పక్కన కూర్చున్న నా మీద నవ్వని, ఆ హాల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఇంటికొచ్చి అన్నాలకు కూర్చున్నాక కూడా మా బిడ్డ ఆ సినిమా లోకంలోనే ఉంది. నా పళ్ళెంలో పప్పు వేస్తూ, ఆ అక్క పాత్ర గురించే చెప్పి చెప్పి, "అమ్మా, నువ్వయితే గా అక్క తీర్గనే చేసేటిదానివి గదా?" అంది. తమ్ముడు మెత్తగా కలిపిన పెరుగన్నం ఒక పక్క దవడతో నములుతూ, తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"మీ అమ్మ సుత అబద్ధం చెప్పింది బిడ్డా. గా సినిమాల అక్క కంటె మంచిగ చెప్పింది."

మామ మెచ్చుకుంటున్నాడనుకుని మా బిడ్డ సంబరంగా నవ్వింది. ఏం అబద్ధం, ఎప్పుడు అని అడిగింది. మజ్జిగ తెస్తానని నేను లేచి వంటింట్లోకి పోయాను. ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి మాట. మాది ఖానాపూర్ పక్కన ఒక పల్లె. వరీ పసుపూ పండించే ఇల్లు. మా నాన్నను బాపు అనేవాళ్ళం, అమ్మను అవ్వ. ఊళ్ళో బాపు మాటకు ఎదురు ఉండేది కాదు. మా ఇళ్ళల్లో ఆడపిల్లను డిగ్రీ దాటించడం అప్పటికి లేదు. నాకు బీఈడీ సీటు వచ్చినప్పుడు అవ్వ బాపును ఎట్లా బతిమాలిందో నాకు తెలుసు. బాపు చివరికి ఒప్పుకున్నది ఒక షరతు మీద. తమ్ముడు కూడా కరీంనగర్‌లోనే డిగ్రీ చదవాలి, ఇద్దరం ఒకే ఇంట్లో కిరాయికి ఉండాలి. నాకు వాడు కాపలా, వాడికి నేను కాపలా. నాకు ఇరవై మూడు, వాడికి ఇరవై.

మీలో చాలామందికి అట్లాంటి కిరాయి గదులు గుర్తుండే ఉంటాయి. ముందు గదిలో నవారు మంచం, వెనక గదిలో కిరోసిన్ స్టవ్వు, పిన్ను పెట్టి పొడిస్తే తప్ప మండని ఆ స్టవ్వు వాసన పట్టిన పుస్తకాలు, వాకిట్లో చేతిపంపు దగ్గర బిందెల వరస. ఇంటి ఆయన సింగరేణిలో పనిచేసేవాడు, వారానికోసారి వచ్చేవాడు. ఇంటామె పిల్లలతో పెద్ద వాటాలో ఉండేది. వాళ్ళ ఇంట్లో టీవీ, దాని పక్కనే గుడ్డ కప్పిన వీసీఆర్ ఉండేవి. ఆదివారం వాడకట్టంతా ఆ గదిలోనే. నా బతుకులో నేను నిజంగా సంతోషంగా ఉన్న కాలం ఏదంటే ఇప్పటికీ ఆ ఏడాదే చెబుతాను. చదువుకుంటున్నాను, నా చేతి వంట నేనే తింటున్నాను, బస్సెక్కి నేనే తిరుగుతున్నాను. దాన్ని పోగొట్టుకోవాల్సి వస్తే ఏం చేస్తానో అప్పటికి నాకు తెలియదు.

తమ్ముడికి ఒక దోస్తు ఉండేవాడు. ఖానాపూర్ బజార్లో వాళ్ళ నాన్నకు ఫోటో స్టూడియో. బళ్ళో మొదటి తరగతి నుంచి ఇద్దరూ ఒకే బెంచీ. మా తమ్ముడి కంటే ఒక ఏడు పెద్ద. ముస్లింలు, ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, ఆ రెండూ కలిసిన భాషలోనే అతని పరాచికాలన్నీ. మా దిక్కు మొదటి వీడియో కెమెరా కొన్నది వాళ్ళే. పెళ్ళిళ్ళకు ఆ కెమెరాను భుజాన వేసుకుని వచ్చేవాడు, పెళ్ళికూతురి కంటే అతని చుట్టూ ఎక్కువమంది మూగేవారు. ఖాళీ క్యాసెట్ల కోసం కరీంనగర్ వచ్చినప్పుడల్లా మా గదికి వచ్చేవాడు. కెమెరా సంచీకి వాళ్ళ అమ్మీ చాదర్ చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. నేను వండింది ఏదైనా తినేవాడు. "అక్కా, పప్పుల ఉప్పు మర్చిపోయినవ్. ఫికర్ లేదు, నేను తింట, బయట ఎవ్వలకు చెప్ప" అనేవాడు. నాకు అతనంటే ఇష్టం. ఇది ఇప్పుడు రాయడం వింతగా ఉంది కానీ, నిజం.

ఇద్దరూ కలిసి సినిమా తీయాలనుకున్నారు. మా తమ్ముడు కథ రాశాడు, దోస్తు కెమెరా పట్టాడు. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో, వానలు ఇంకా ముదరకముందు, ఖానాపూర్ దగ్గర గోదావరి ఒడ్డుకు పోయి వారం రోజులు ఏదో తీసుకొచ్చారు. నన్ను మాత్రం చూడనివ్వలేదు. పూర్తి కాలేదక్కా, అయినంక నీకే ముందు చూపిస్తం అన్నారు.

ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరూ బజారుకు పోయారు. సంచీ గదిలోనే ఉంది. చూద్దామన్న ఉబలాటం తప్ప నాకు ఇంకే ఆలోచనా లేదు. క్యాసెట్ తీసుకుని ఇంటామె దగ్గరికి పోయాను. మా తమ్ముడు సినిమా తీసిండు, చూద్దాం అని గొప్పగా చెప్పాను. ఇద్దరం చాప మీద కూర్చున్నాం.

అందులో కథ ఏమీ లేదు. మా తమ్ముడు ఉన్నాడు. ఏట్లోంచి లేచి వస్తున్న తమ్ముడు, తల తుడుచుకుంటున్న తమ్ముడు, బండ మీద కూర్చుని మొక్కజొన్న కంకి ఒలుస్తున్న తమ్ముడు. కెమెరా వాడిని విడిచి ఎటూ పోలేదు. ఒక మనిషి ఇంకొక మనిషిని అంతసేపు అట్లా చూడడం నేను అప్పటిదాకా ఎక్కడా చూడలేదు. మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి చూస్తున్న మొహం అంత అందమైనదని నాకు ఆ రోజే తెలిసింది. తర్వాత కెమెరాను ఎక్కడో రాతి మీద పెట్టినట్లున్నారు, బొమ్మ కొద్దిగా ఒరిగింది. దోస్తు నడిచి వచ్చి వాడి పక్కన కూర్చున్నాడు. తమ్ముడు అతని చేయి తీసుకుని తన చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. అంతే. అట్లా చాలాసేపు.

ఇంటామె వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె లేచి వీసీఆర్ ఆపి, గుడ్డ కప్పింది. "గా పిలగాడు మీ తమ్మున్ని గట్లెందుకు తీసిండమ్మా?" అని మాత్రం అడిగింది. తెల్లారితే ఆదివారం, వాళ్ళాయన వస్తాడు. ఆయనకు మా బాపు తెలుసు.

అదే రోజు నేను ఖానాపూర్ బస్సెక్కాను. అవ్వ మీద బెంగగా ఉందని తమ్ముడికి చీటీ రాసి పెట్టాను. క్యాసెట్ నా సంచీలో ఉంది. ఇక్కడ నన్ను నేను కాపాడుకోవడానికి చాలా చెప్పుకోవచ్చు. వాడి మంచి కోసమే అనుకున్నానని కూడా చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. కానీ బస్సులో నేను తమ్ముడి గురించి ఆలోచించలేదు. వేరేవాళ్ళ నోటి వెంట బాపుకు తెలిస్తే, చూస్తూ ఎందుకు ఊకున్నవని నన్నడిగితే, నా చదువు ఏమవుతుందని ఆలోచించాను.

అవ్వకు చెప్పాను. అవ్వ బాపుకు చెప్పింది. బాపు కట్టె పట్టుకోలేదు, అరవలేదు. ఆయనకు మీసాలు కూడా ఉండేవి కావు. తెల్లారి బర్రెల దగ్గర పని చూసుకుని వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చాలా మెల్లగా మాట్లాడాడు.

"మన పిలగాని పేరు బయటికి రావద్దు బిడ్డా. గాడు మల్ల మన దిక్కు రావద్దు. నువ్వు తానం చేస్తుంటె చాటుంగ కెమెరాల తీసిండని చెప్పు. చెప్తవా?"

నేను ఏమీ అనకముందే, "చెప్తె సోమారం కాలేజికి పో. లేకుంటె ఇద్దరు ఇంట్లనే ఉండుండ్రి" అన్నాడు.

చెప్తాను అనడానికి నాకు ఎంతసేపు పట్టిందో మీరు ఊహించుకోవద్దు. ఆయన లోటాలో నీళ్ళు తాగి కింద పెట్టేలోపలే చెప్పాను.

పెద్దబాపు కొడుకులు ఇద్దరు కరీంనగర్ పోయి తమ్ముడినీ దోస్తునూ ఏమీ చెప్పకుండా ఖానాపూర్ తీసుకొచ్చారు. స్టూడియో ముందు బజారు బజారంతా పోగైంది. దోస్తు వాళ్ళ నాన్న సన్నటి మనిషి, ఫోటోలు కడిగే మందుకు వేళ్ళు పసుపెక్కి ఉండేవి; మా బళ్ళో గ్రూపు ఫోటోలన్నీ ఆయన తీసినవే. నన్ను ఆయన ముందు నిలబెట్టారు. ఆయన చేతులు జోడించి, "బేటీ, వీళ్ళు చెప్తె నేను నమ్మ. నువ్వు చెప్పు. నువ్వు చెప్తె నమ్ముత" అన్నాడు.

తల ఊపితే సరిపోతుందేమో అనుకున్నాను. నోటితో చెప్పమన్నారు. చెప్పాను.

జనం నమ్మడానికి ఎక్కువసేపు పట్టలేదు. వాళ్ళది మా మతం కాకపోవడంతో సగం నమ్మకం నేను నోరు తెరవకముందే కుదిరి ఉంది. మొదటి దెబ్బ తండ్రే కొట్టాడు, కొడుకు మొహం మీద. తర్వాత మా పెద్దబాపు కొడుకులు కొట్టారు. కెమెరాను నడిబజార్లో నేలకేసి కొట్టారు. అది ఒక్క దెబ్బకు పగలలేదు, రోకలి తెప్పించారు. దోస్తు కింద పడి, పెదవి చిట్లి, మా తమ్ముడి దిక్కు చూశాడు. తమ్ముడు నాకు పది అడుగుల దూరంలో బాపు పక్కన నిలబడి ఉన్నాడు.

ఒక్క మాట చాలు అతనికి. నేను ఈమెను తీయలేదు, ఇతన్ని తీశాను అంటే చాలు. క్యాసెట్ తెచ్చి చూడండి అంటే చాలు. ఆ మాట అంటే దెబ్బలు ఇటు తిరుగుతాయని అతనికి తెలుసు. అనలేదు. అందరి ముందూ నన్ను చూసి, "తప్పయింది, మాఫ్ చెయ్యక్కా" అన్నాడు. చేయని తప్పు మీద వేసుకుని, అది మోపినదాన్నే క్షమాపణ అడిగాడు. నేను తల తిప్పుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు సిగ్గనుకున్నారు. పాపం, మంచి పిల్ల అన్నారు.

సోమవారం నేను కాలేజీకి పోయాను.

క్యాసెట్‌ను అవ్వ పొయ్యిలో వేసింది. ఆ స్టూడియోకు మళ్ళీ ఎవరూ పెళ్ళికి చెప్పలేదు. దసరాలోపే వాళ్ళు దుకాణం ఖాళీ చేసి ఎటో పోయారు. తమ్ముడు డిగ్రీ మానేశాడు. వాడిని ఎవరూ కొట్టలేదు. బాపు రెండేళ్ళు వాడితో మాట్లాడలేదు, ఏదైనా చెప్పాల్సి వస్తే అవ్వతో చెప్పించేవాడు, ఒకే గదిలో ఉన్నా సరే. వాడి పెళ్ళి రోజున ఆ మౌనం వదిలాడు. ఖానాపూర్‌లో ఎరువుల దుకాణం పెట్టించాడు. మా మరదలు నెమ్మదస్తురాలు. పాతికేళ్ళ కాపురం తర్వాత ఒకసారి నాతో అంది, ఈయన నాతో కొట్లాడడు వదినా, కొట్లాడినా బాగుండు అని. వాళ్ళ ఇంట్లో గోడ మీద వాడి ఫోటో ఒక్కటి లేదు. ఏ పెళ్ళికి పోయినా వీడియోవాళ్ళు ఇటు తిరగ్గానే లేచి బయటికి పోయేవాడు. బంధువులంతా వాడికి అదొక చాదస్తం అని నవ్వేవారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వేదాన్ని.

మేమిద్దరం ఈ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. రాఖీ కట్టించుకున్నాడు, నా బిడ్డ పెళ్ళికి మేనమామగా అన్నీ జరిపించాడు, మా ఆయన పోయినప్పుడు పదకొండు రోజులు నా గడప దాటలేదు. అంత దగ్గరగా ఉండి కూడా ఎప్పుడూ ఒక్క మాట లేదు. సినిమాకు పోయిన మరునాడు పొద్దున పన్ను డాక్టరు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడు నేనే అడిగాను, ఎందుకు నవ్వినవురా అని. మా ముందు ఇంకా ముగ్గురు ఉన్నారు.

"నీ మీద కోపం లేదక్కా" అన్నాడు వాడు, ఎదుటి గోడ మీద పళ్ళ బొమ్మను చూస్తూ. "నువ్వు నీ చదువు కోసం చెప్పినవ్. నీకో చదువన్న దక్కింది. నేనెందుకు ఊకున్న? నాకేం దక్కింది? గా సినిమాల ఊకున్నోడు ఎవ్వడు లేడు, సూసినవా? అందరు ఏదో ఒకటి చేస్తనే ఉంటరు."

నేను ఏడుస్తున్నానని తెలిసి కూడా వాడు ఆపలేదు. ఐదేళ్ళ కింద మనవడి అక్షరాభ్యాసానికి బాసర పోయినప్పుడు గుడి బయట కుటుంబాలను ఫోటోలు తీసే మనుషుల్లో ఒకాయన గడ్డం నెరిసి, మెడలో కెమెరాతో కనిపించాడట. కొడుకు ఆయన్నే పిలిచాడట.

"నన్ను గుర్తువట్టిండు. పట్టి కూడ, సార్, జర ఇటు సూడుండ్రి అన్నడు. నన్ను సార్ అన్నడక్కా."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? సూసిన. ఎంతసేపు తీస్తె గంతసేపు నిలవడ్డ."

లోపల్నుంచి వాడి పేరు పిలిచారు. బయటికొచ్చేసరికి నోట్లో దూది, దవడ మొద్దుబారి ఉంది, రోజంతా మాట్లాడవద్దన్నారు. ఆ సాయంత్రమే ఖానాపూర్ బస్సెక్కి పోయాడు. కిటికీలోంచి చేయి కూడా ఊపలేదు.

వాడు పోయిన తర్వాత మా బిడ్డ ఫోనులో ఇట్లాంటి చిన్న సినిమాలు ఇంకో నాలుగు పెట్టించుకుని చూశాను. మరాఠీది ఒకటి, మలయాళంది ఒకటి, మిగతావి పై దేశాలవి. నాకు ఆసక్తి కలిగిందని మా బిడ్డ మురిసిపోయింది. ఎక్కడివైనా ఒకే ఇంట్లో పుట్టినట్లుంటాయి. నీళ్ళు ఉంటాయి, సైకిలు ఉంటుంది, మాటలు తక్కువ, వెలుతురు ఎక్కువ. తీసేవాళ్ళు ఆ పిల్లల్ని ఎంత ప్రేమగా చూస్తారో తెలుస్తూనే ఉంటుంది. అది నేను కాదనను, ఒకప్పుడు నేను ఆ చూపును ఇంటామె టీవీలో చూసినదాన్నే. కానీ చెడ్డవాళ్ళు ఎవరో మొదటి పది నిమిషాల్లోనే గుర్తుపట్టవచ్చు, వాళ్ళ గొంతే పెద్దగా ఉంటుంది. ఆ పిల్లవాడికి కడుపునిండా వండిపెట్టి, అతని పరాచికాలకు నవ్వి, అతన్ని ఇష్టపడి, అతని బతుకు తీసిన మనిషి ఏ సినిమాలోనూ కనిపించలేదు. నాలుగింటిలోనూ నా కోసమే వెతికాను.

మా మరదలికి ఫోన్ చేసి ఆ బాసర ఫోటో వెనక ఏమైనా రాసి ఉందా అని అడిగాను. స్టూడియో ముద్ర, నంబరు ఉన్నాయని చదివి వినిపించింది. నాలుగు రోజులు ఆగి, ఒక మధ్యాహ్నం చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. గొంతు మారింది కానీ ఆ రెండు భాషల కలగలుపు మారలేదు. ఏం ఫంక్షనక్కా, ఎన్నడు అని అడిగాడు. నేను ఎవరినో చెప్పాను. అవతల ఎవరో పిల్లల గోల, గుడి మైకు వినిపిస్తున్నాయి. నేను సిద్ధం చేసుకున్నదంతా గబగబా చెప్పేశాను. అబద్ధం చెప్పానని, ఎందుకు చెప్పానో కూడా, క్షమించమని.

"ఇప్పుడెందుకు యాదికొచ్చిందక్కా?" అన్నాడు.

సినిమా చూశానని చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది.

"సినిమా చూసి ఫోన్ చేసినవా." కోపం లేదు ఆ గొంతులో. "అక్కా, నాకు చెప్పుడేంది? నువ్వు అబద్ధం చెప్పినవని నాకు ఎర్కే గదా. మా అబ్బాకు చెప్పాల్సుండె. ఇరవై ఆరేండ్లు ఒక్కింట్ల ఉన్నం. షాపుకు ఆడోళ్ళు వస్తె నన్ను బయట నిలవెడుతుండె. నా సొంత చెల్లె నిఖాల నన్ను కెమెరా ముట్టనియ్యలే. గదే నమ్ముకుంట పోయిండు."

ఆయన ఎప్పుడు పోయాడని అడిగాను.

"పన్నెండేండ్లాయె." తమ్ముడు ఎట్లున్నడని అడుగుతాడనుకున్నాను, చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అడగలేదు. "గిరాకి ఉన్నదక్కా, పెడుతున్న" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఇప్పటి పిల్లలకు కెమెరా కోసం ఎవరి దయా అక్కర్లేదు, అందరి జేబుల్లోనూ ఉంది. ఎవరిని ఎంతసేపైనా చూసి తీసుకోవచ్చు. మా బిడ్డ కాలేజీలో ఆ రోజు సినిమా అయిపోయాక సన్నటి పిల్లవాడొకడు గోడవారగా ఆగి ఆగి వచ్చి ఆమెతో ఏదో చెప్పడం, ఆమె వాడి భుజం మీద చేయి వేసి దూరంగా తీసుకుపోయి వినడం నేను చూశాను. ఏం చెప్పాడని నేను అడగలేదు, అడిగినా ఆమె చెప్పదు. మా కాలంలో అట్లా చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండేది కాదని అనబోయాను, కానీ అది కూడా అబద్ధమే. ఒకే కప్పు కింద మూడు పూటలా అన్నం వడ్డిస్తూ నేను ఉన్నాను.

వచ్చే నెల ఆ సినిమా నిర్మల్‌లో వేస్తారట. అయిపోయాక పెద్దమనిషిగా, ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పిన టీచరుగా నన్ను నాలుగు మాటలు మాట్లాడమని మా బిడ్డ అడుగుతోంది. అక్కల గురించి మాట్లాడమ్మా అంటోంది. మా కాలంలో ఇంటి పరువు కోసం అబద్ధమాడిన ఆడపిల్లను మంచి పిల్ల అన్నారు, ఆ పేరుతోనే నేను ఉద్యోగం చేశాను, కాపురం చేశాను, ఒక బిడ్డను పెంచాను. ఆ బిడ్డ నాకంటే మంచి మనిషి అయింది. ఎట్లా అయిందో నాకు తెలియదు, నా దగ్గర నేర్చుకున్నది మాత్రం కాదు. ఇది అచ్చయితే ముందు చదివేది ఆమే. చదివాక నిర్మల్‌కు నన్ను పిలవదనుకుంటాను.